రెండు మిల్లీమీటర్లు

రాత్రి రెండున్నరకి డిపోకి వచ్చింది మూడో నంబరు బండి.
రెండే పెట్టెలు. ముప్పై ఏడేళ్ళ వయసు.
కనపడక ముందే వినపడింది నాకు:
టక్, టక్, టక్, టక్,
అరికాల్లో ముల్లు విరిగినవాడి నడకలా.

నవంబరులో కంబ్రియా తీరమంతా ఇంతే.
సైకమోర్ ఆకులు పట్టాల మీద రాలతాయి,
చక్రాలు వాటిని నూరి నూరి నల్లటి జిగురు చేస్తాయి,
సముద్రం మీంచి వచ్చే వాన దాన్ని ఆరనివ్వదు.
డ్రైవరు బ్రేకు వేస్తాడు.
చక్రం ఆగుతుంది, బండి ఆగదు.
జారినంత మేరా ఇనుము అరిగి
గుండ్రానిది కాస్తా ఒకచోట చదునవుతుంది.
ఆకుకి ఆగిపోయే రైలా అని నవ్వుతారు జనం,
పబ్బులో నా పక్కనే కూర్చుని.

గుంతలోకి దిగి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
కొలిచాను. నలభై రెండు.
నలభై దాకా పోనివ్వమంటుంది మా పుస్తకం.
చక్రం తుడిచి మళ్ళీ కొలిచాను.
కళ్ళజోడు తుడిచి మళ్ళీ.
నలభై రెండు.

బండి ఒక బ్యాంకుది.
నడిపేది ఒక కంపెనీ.
బాగుచేసేది మేము, అంటే ఇంకో కంపెనీ.
ఒప్పందం నూట అరవై పేజీలు,
అందులో ఎక్కడా లేత్ మెషీను లేదు.
చక్రం చెక్కించాలంటే నూట పది మైళ్ళు దక్షిణానికి పంపాలి,
అదీ గురువారం,
అదీ వరసలో మనకన్నా ముందు ఎవరూ లేకపోతే.
అప్పటికి శుక్రవారం పుట్టి మూడు గంటలు.

కంట్రోల్ నుంచి ఫోను. ఎవరో కుర్రాడు, మర్యాదస్థుడే.
"రెండే కదా, ఆస్క్యూ గారూ."
"రెండే" అన్నాను.
అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది.
వాడి ఊపిరి వినపడింది, ఎక్కడో కెటిల్ మరుగుతోంది.
ఎర్ర చీటీ తగిలించి సంతకం పెట్టాను.

తెల్లారి ఇంటికి పోతూ ఫాక్స్‌ఫీల్డ్ స్టేషను దగ్గర కారు ఆపాను.
ఎందుకు ఆపానో చెప్పలేను.
బెంచీ మీద థర్జా ఒక్కతే,
ఒళ్ళో ఆసుపత్రి కవరు,
ఆరూ యాభై ఒకటి కోసం.
స్పీకర్లో రికార్డు గొంతు
ఎవరి తరఫునో క్షమాపణ చెబుతోంది,
చెప్పిందే చెబుతోంది,
తప్పు చేసినవాళ్ళెవరూ ఇంత తీరిగ్గా చెప్పరు.

"ఈ బళ్ళు చూసేవాడెవడో నిద్రపోతున్నట్టున్నాడు" అంది.
నా చేతుల గ్రీజు వాసన తగిలింది కాబోలు,
ఇటు తిరిగింది.
"నువ్వా?"

బొటనవేలు గోరు అంచు చూపించాను. ఇంత, అన్నాను.
మసకెక్కని కంటికి దగ్గరగా లాక్కుని చూసింది నా వేలిని.
మిలమ్‌లో చొక్కాలు కుట్టే చోట నలభై ఏళ్ళు చేసిన మనిషి.
"కాలరు ఇంత తేడా వస్తే
నేనూ కుట్లు విప్పేసేదాన్ని" అంది.
కాస్సేపాగి,
"కానీ ఏడు నెలలయింది
ఈ కంటి డాక్టరు తేదీ దొరకడానికి."

దానికి నా దగ్గర పుస్తకం లేదు.
గోరంత దగ్గర నేను ఆగాను,
కొండంత వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది.

వైట్‌హేవెన్‌లో దింపుతాను, కారెక్కు అన్నాను.
నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది,
ఒక కన్ను చూసింది, రెండో కన్ను చూసింది.
"ఎర్రగా ఉన్నాయి.
రాత్రంతా నిద్ర లేదు నీకు.
నువ్వు నడపడానికి పనికిరావు" అంది.
కవరు మీద పెన్నుతో ఏదో గీసింది,
సంతకం కాదు, ఊరికే.

ఎనిమిదీ పద్నాలుగు దాకా కూర్చున్నాం.
నా రొట్టెలో సగం తీసుకుని
జున్ను ఎండిపోయిందని తిట్టింది.
పట్టాలు సన్నగా మోగడం మొదలెట్టాయి, మంచులోంచి.
ఇద్దరం మాట్లాడటం మానేశాం.

"ఇది గుండ్రంగానే ఉందా?"

విన్నాను.
ఇంకాస్త విన్నాను.
"ఈ వారానికి" అన్నాను.